కోరంగి మడ అడవి: పాటుకి ఒకసారి, పోటుకి ఒకసారి చూడాల్సిన చోటు

కోరంగి వెళ్దామనుకునే వాళ్లకి ముందుగా ఒక మాట, బయల్దేరే ముందు క్యాలెండర్‌లో తిథి చూసుకోండి. ఆదివారమా సెలవా అని తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ రోజు తిథిని బట్టి పోటు (సముద్రపు నీళ్లు ఎక్కడం) ఎన్నింటికి, పాటు (అవి దిగిపోవడం) ఎన్నింటికి అని కనుక్కోండి, కాకినాడలో వేటకెళ్లే వాళ్లెవర్ని అడిగినా చెప్తారు. ఇది తెలియక నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఏమీ చూడకుండా తిరిగొచ్చాను, రెండోసారి వెళ్లి పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను, ఆ రెండిటికీ మధ్య తేడా అంతా ఇక్కడ రాస్తున్నా.

మాది రామచంద్రపురం వైపే, కోరంగి మాకు గంట దూరం కూడా కాదు, కానీ పెళ్లయ్యి హైదరాబాద్ వచ్చేశాక ఆ దారిలో యానాం వెళ్లడమే తప్ప దిగి చూసింది లేదు. రెండేళ్ల క్రితం బంధువులందరం కలిసి ఒక ట్రావెల్స్ వాళ్ల ప్యాకేజీ మాట్లాడుకున్నాం, పేరు రాయను. అది నిండు పున్నమి రోజు. పొద్దున తొమ్మిదింటికి దింపారు, అంటే సరిగ్గా పోటు నిండా ఉన్న టైము. చెక్కల బాట మీద నడుస్తుంటే రెండు పక్కలా మట్టిరంగు నీళ్లు, పైన ఆకులు, అంతే. వేరు కనపడదు పీత కనపడదు. మాతో వచ్చిన డ్రైవర్ ఇరవై నిమిషాలే టైము, తర్వాత బీచ్ ఉందని తొందరపెట్టాడు, ఎవరో బ్లూటూత్ స్పీకర్ పెట్టారు. "చెట్లే కదా" అనుకుంటూ వెళ్లిపోయాం. పోటు పాటు సంగతి తెలియని వాళ్లు మడ అడవికి ప్యాకేజీ అమ్మకూడదు, నా బాధ అదొక్కటే.

ఈ జనవరిలో మళ్లీ వెళ్లాం, నేను, మా ఆయన, మా చిన్నమ్మాయి. తను ఏడో తరగతి, పరీక్షలో ఆహార గొలుసు బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుంది కానీ గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద అనే ఐదు మాటలు బాణాలతో కలపడం తప్ప తన మనసులో ఏమీ లేదు, అదే నాకు బెంగ. ఈసారి అష్టమి నాడు వెళ్లాం. అష్టమికి ఆ తీరంలో పొద్దున తొమ్మిది ప్రాంతంలో పాటు, మధ్యాహ్నం మూడు ప్రాంతంలో పోటు. రోజురోజుకీ ముప్పావుగంట, యాభై నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది కాబట్టి మీరు వెళ్లే రోజుకి మీరే లెక్క చూసుకోవాలి.

ఎక్కడుందో తెలియని వాళ్లకి, కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డు మీద, చొల్లంగి దాటాక తాళ్లరేవు లోపు వస్తుంది. గోదావరి సముద్రంలో కలిసే ముందు చీలిన పాయల మధ్య పెరిగిన అడవి ఇది, 1978లో అభయారణ్యం చేశారు, 235 చదరపు కిలోమీటర్ల పైన ఉంటుంది. మనం చూసేది అందులో గోరంత.

పొద్దున చెక్కల బాట మీద అడుగు పెట్టగానే వాసన వస్తుంది, కుళ్లిన కోడిగుడ్డు వాసన. ముక్కు మూసుకుని వెనక్కి వెళ్లిపోయే వాళ్లని చూశాను, దయచేసి వెళ్లకండి, అసలు కథంతా ఆ వాసనతోనే మొదలవుతుంది. ఆ బురద ఎప్పుడూ నీళ్లు తాగి ఉంటుంది కాబట్టి పైపొర కింద గాలి ఉండదు, అక్కడ బతికే బ్యాక్టీరియా ఆక్సిజన్ లేకుండానే, సముద్రపు నీళ్లలో ఉండే సల్ఫేట్‌తో పని నడుపుకుంటుంది, ఆ పనిలో వచ్చే గ్యాసే ఆ కంపు. మరి గాలిలేని మట్టిలో చెట్టు వేరు ఎలా బతుకుతుంది? కింద చూస్తే జవాబు ఉంది. నల్లమడ చెట్టు చుట్టూ వేలెడంత పుల్లలు వందలకొద్దీ బురదలోంచి పైకి పొడుచుకొచ్చి నిలబడి ఉంటాయి, చూడ్డానికి ఎవరో పెన్సిళ్లు గుచ్చినట్టు. అవి మొక్కలు కావు, వేర్లు. వేరు కిందకే పోవాలని మనం చిన్నప్పటి నుంచీ చదువుకున్నాం కదా, ఇక్కడ గాలి కోసం పైకొస్తుంది, ఒంటి నిండా సన్నటి రంధ్రాలు, పాటు ఉన్న ఆ కొన్ని గంటల్లో గాలి తీసుకుని కింద వేర్లకి పంపిస్తుంది. మొదటిసారి మేము వెళ్లినప్పుడు ఇవన్నీ నీళ్ల కింద ఉన్నాయి, అసలు ఉన్నాయనే మాకు తెలియదు.

ఇంక ఉప్పు సంగతి. సముద్రపు నీళ్లు లీటరుకి 35 గ్రాముల దాకా ఉప్పు, మన పొలంలో ఆ నీళ్లు పెడితే వారంలో చేను మాడిపోతుంది. నల్లమడ ఏం చేస్తుందంటే ఉప్పుని లోపలికి రానిచ్చి ఆకు మీద నుంచి బయటికి నెట్టేస్తుంది. చేతికందిన కొమ్మ ఆకు ఒకటి మా అమ్మాయి వంచి చూసింది, తెంపలేదు, ఎండలో ఆకు మీద సన్నగా మెరుస్తోంది, వేలితో రాసి నాలిక మీద పెట్టుకుంది. "అమ్మా నిజంగా ఉప్పే" అని అరిచిన అరుపుకి పక్కన కొంగ లేచిపోయింది. పొన్న చెట్టుది ఇంకో పద్ధతి, చాలా మటుకు ఉప్పుని వేరు దగ్గరే వడకట్టి ఆపేస్తుంది. ఒకే కష్టం, ఇద్దరివి రెండు దార్లు, ఇది పక్కపక్కన నిలబడి చూడగలగడం ఈ చోటులో నాకు అన్నిటికంటే నచ్చింది. (ఒక జాగ్రత్త: గట్టు మీద ఉండే తిల్ల చెట్టుని మాత్రం ముట్టుకోవద్దు, దాని పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, కొంతసేపు చూపు కూడా పోతుందట. పిల్లలకి ముందే చెప్పండి, ఏ ఆకూ తెంపొద్దు అని చెప్పేస్తే ఇంకా మేలు.)

తర్వాత ఒక గంట మేము పీతల దగ్గరే కూర్చుండిపోయాం. బొటనవేలంత పీతలు, మగదానికి ఒక డెక్క మాత్రం ఒళ్లంత పెద్దది, ఫిడ్లర్ క్రాబ్ అంటారు. మనం నడిస్తే అన్నీ ఒక్కసారి కన్నాల్లోకి దూరిపోతాయి, కదలకుండా ఐదు నిమిషాలు నిలబడితే ఒక్కొక్కటీ కళ్లు బయట పెడుతుంది. అప్పుడు చూడాలి వాటి తిండి. చిన్న డెక్కతో బురద గిల్లి నోట్లో పెట్టుకుంటుంది, అందులో ఉన్న నాచూ కుళ్లిన ఆకు పొడీ జల్లించుకుని మిగిలిన మట్టిని చిన్న ఉండ చేసి పక్కన పెడుతుంది. కన్నం చుట్టూ ఆవగింజలంత ఉండలు వరసగా, ముగ్గు చుక్కలు పెట్టినట్టు. పెద్ద డెక్కతో తినలేదు, దాన్ని ఎత్తి ఎత్తి ఊపుతూ ఆడపీతని పిలవడానికీ ఇంకో మగదాన్ని బెదిరించడానికీ వాడుతుంది. అంటే మగదానికి తినడానికి ఒక్క చెయ్యే, ఆడదానికి రెండూ ఉన్నాయి. ఇంతకీ ఈ పీత కన్నాలు చెట్టుకి కావాలి, ఆ కన్నాల్లోంచే గాలీ కొత్త నీళ్లూ బురద లోపలికి దిగుతాయి. చెట్టు ఆకు రాలుస్తుంది, ఆకు పీతకి తిండి అవుతుంది, పీత తవ్విన కన్నం చెట్టు వేరుకి ఊపిరి అవుతుంది. బొమ్మలో బాణం ఒకవైపే గీస్తారు కదా, ఇక్కడ తిరిగి వెనక్కి కూడా వస్తోంది అని అమ్మాయికి చూపించాను, తను చాలాసేపు మాట్లాడలేదు.

పదకొండు దాటాక కాలువలో కాస్త నీళ్లు పెరిగాక పడవ ఎక్కాం. పడవ నడిపిన బాబాయ్ వేటకెళ్లే కుటుంబం నుంచి వచ్చిన మనిషి, ఏభై ఐదు దాటి ఉంటాయి. ఈ రివ్యూలో ఐదు నక్షత్రాలు ఎవరికైనా ఇవ్వాలంటే నేను ముందు ఆయనకే ఇస్తాను. మైకు పట్టుకుని అప్పజెప్పే పాఠం కాదు, అడిగినదానికి చెప్తారు, అడక్కపోతే ఇంజన్ ఆపి వేలు చూపిస్తారు. నాలుగైదు రకాల పిట్టలు ఒక బురద తిప్ప మీద మేస్తుంటే ఆపారు. "అన్నీ ఒక్కచోటే మేత్తన్నాయి, కొట్టుకోవా తాతా?" అని అమ్మాయి అడిగితే, "ముక్కులు సూడమ్మా" అన్నారాయన. చిన్న ముక్కు ఉల్లంకులు పైపైన పొడుస్తున్నాయి, పొడుగ్గా కిందకి వంగిన ముక్కుది కళ్ల దాకా బురదలో దించేసి లోపలున్న పురుగు లాగుతోంది. ఒకటి తినేది ఇంకోదానికి అందదు, కాబట్టి తగువు తక్కువ. వీటిలో కొన్ని చలికాలానికి ఉత్తరాన మంచు దేశాల నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి మార్చి దాకా ఉండి పోయేవి, వాటికి ఆ ఒక్క తిప్ప దారిలో అన్నంకుండ లాంటిది. ఆ తిప్ప పాటులోనే బయటపడుతుంది, పోటు వస్తే భోజనం బంద్. అందుకే అవి పగలూ రాత్రీ చూసుకోవు, నీళ్ల టైము చూసుకుంటాయి.

చేపల గురించి బాబాయ్ చెప్పిన మాట మాత్రం గోదావరి జిల్లాలో పుట్టిన నాకు కూడా కొత్త. పులస గురించి అందరికీ తెలుసు, సముద్రంలో ఉన్నంతకాలం దాన్ని విలస అంటారు, వరదకి ఎర్రనీళ్లు రాగానే ఏటికి ఎదురీది గుడ్లు పెట్టడానికి తీపినీళ్లలోకి వస్తుంది, ధవళేశ్వరం ఆనకట్ట దాకా వచ్చి ఆగిపోతుంది. "పండుగప్ప దానికి ఎదురండీ" అన్నారు. పండుగప్ప తీపినీళ్లలో, ఉప్పుటేర్లలో పెరిగి పెద్దదై గుడ్లు పెట్టడానికి ఉప్పు కోసం కిందకి, ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు దిగుతుంది. దాని పిల్లలు మళ్లీ ఈ మడ వేర్ల మధ్యకి వచ్చి దాక్కుంటాయి. పైగా అది మగదిగా బతుకు మొదలుపెట్టి పెద్దయ్యాక ఆడదవుతుంది, ఇది నేను తర్వాత చదివి తెలుసుకున్నా. టైగర్ రొయ్యా అంతే, గుడ్లు సముద్రంలో, చిన్నతనం మడలో, పెద్దయ్యాక మళ్లీ సముద్రం. అంటే కాకినాడ వలలో పడేదానిలో ఎంతోకొంత ఈ వేర్ల మధ్య చదువుకుని వెళ్లిందే. "ఈ అడవి మాకు పురుడు పోసే ఇల్లండీ" అన్నారు బాబాయ్, ఇంజన్ ఆపి ఉంది కాబట్టి ఆ మాట స్పష్టంగా వినపడింది.

బావురుపిల్లి కనపడుతుందా అని అందరూ అడుగుతారు, మేమూ అడిగాం. నీళ్లలో దూకి చేప పట్టుకునే పిల్లి అది, రాత్రి తిరుగుతుంది, పగలు కనపడటం అదృష్టం. మాకు కనపడలేదు, తడి బురద మీద అడుగులు మాత్రం బాబాయ్ చూపించారు, ఇంటి పిల్లి అడుగు కంటే బాగా పెద్దవి. "ఇన్ని పీతలు ఇన్ని చేపలుంటే పిల్లులు కూడా బోల్డు ఉండాలి కదా" అని అమ్మాయి ప్రశ్న. దానికి లెక్క ఉంది, 1942లో లిండెమన్ అనే ఆయన ఒక చెరువు మీద పనిచేసి రాసిన దాని నుంచి వచ్చింది, ఆహార గొలుసులో కింద మెట్టులో ఉన్న శక్తిలో ఉజ్జాయింపుగా పదో వంతే పై మెట్టుకి అందుతుంది, మిగిలింది బతకడానికే, కదలడానికే ఖర్చయిపోతుంది. అదేదో పుస్తకంలో చదివితే ఒంటికి పట్టలేదు కానీ, పడవలో లెక్క వేశాం: వెయ్యి కిలోల ఆకుకి వంద కిలోల పీతా రొయ్యా, వంద కిలోలకి పది కిలోల చేప, పదికి ఒక కిలో పిల్లి. ఒక్క బావురుపిల్లే పది కిలోలు తూగొచ్చు, అంటే దాని ఒంటి వెనక పది వేల కిలోల ఆకు. ఉత్త ఉజ్జాయింపే, అయినా తలెత్తి ఆ అడవిని చూస్తే నాకు అప్పుడు అర్థమైంది, రెండెకరాలు మిగిల్చి "పిల్లి కోసం ఉంచాం" అంటే చాలదని.

దారిలో మీకు రొయ్యల చెరువులు కనపడతాయి, నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు తిరుగుతూ. 90ల్లో ఈ తీరమంతా రొయ్యల జోరు, కొన్నిచోట్ల మడ కొట్టి చెరువులు తవ్వారు, తర్వాత తెల్లమచ్చ వైరస్ వచ్చి చాలామంది మునిగిపోయారు, 1996లో సుప్రీంకోర్టు తీర్పు కూడా వచ్చింది తీరప్రాంత చెరువుల మీద. 2009 తర్వాత వనామీ అనే ఇంకో రకం రొయ్య వచ్చి మళ్లీ జోరు. మా చుట్టాల్లోనే చెరువులున్న వాళ్లున్నారు, వాళ్లు కష్టపడేది నాకు తెలుసు, ఒక్క పంట పోతే ఇల్లు ఎలా అయిపోతుందో కూడా చూశాను. కానీ ఒకటి మాత్రం చెప్తాను, చెరువులో నీళ్లు చెడితే మందు కొనాలి, పక్కన మడ ఉంటే నీళ్లలో మురికి కొంత అదే పట్టుకుంటుంది, తుఫానప్పుడు అలకి అడ్డం నిలబడుతుంది. 1839లో ఉప్పెన వచ్చి అప్పట్లో పెద్ద రేవైన కోరంగినే తుడిచిపెట్టేసింది. 1996 నవంబరు తుఫాను గురించి అడిగితే బాబాయ్ కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "భైరవపాలెం వైపు మా వాళ్లు చానామంది పోయారండీ" అని మాత్రం అన్నారు. ఇంక నేను ఏమీ అడగలేదు.

ఆయనే ఇంకోటి చూపించారు, చేప ముల్లులా ఉండే కాలువలు. మధ్యలో ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలువలు. మడ పోయిన నేల ఎండి ఉప్పు పేరుకుపోతే అక్కడ విత్తనం మొలవదు, ఈ కాలువల్లోంచి పోటు నీళ్లు లోపలికొచ్చి ఉప్పు కడిగేస్తే అప్పుడు మొక్క నిలబడుతుంది. మొక్క నాటడం కంటే నీళ్లు వచ్చే దారి చెయ్యడమే అసలు పని అన్నమాట. మనం ఊళ్లో మొక్కలు నాటి ఫోటో దిగి వచ్చేస్తాం చూడండి, అది గుర్తొచ్చింది. సముద్రం వైపు నుంచి ఉప్పునీళ్లు ఎంత ముఖ్యమో పైనుంచి గోదావరి తీపినీళ్లూ ఒండ్రూ అంతే ముఖ్యం వీటికి, ఎండాకాలం పైన ఆపేస్తే కింద ఉప్పు ఎక్కువైపోయి, తట్టుకోగలిగిన రకం మిగిలి తట్టుకోలేనివి తగ్గిపోతాయి. ధవళేశ్వరం దగ్గర గేటు దించితే కోరంగిలో ఏ చెట్టు ఉండాలో మారుతుంది.

మధ్యాహ్నం భోజనానికి బయటికొచ్చి రోడ్డు మీదే ఒక చిన్న మెస్‌లో తిన్నాం, ఇంటి ముందు రేకు షెడ్డు వేసి నడుపుతున్న ఆడవాళ్లు, బోర్డు కూడా లేదు. మండపీత ఇగురు, చింతచిగురు లేని సీజన్ కాబట్టి చింతపండుతో రొయ్యల పులుసు. పీత డెక్క పగలగొట్టడానికి చిన్న రోకలి పళ్లెం పక్కన పెట్టారు, ఇగురులో మిరియం ఎక్కువ, మసాలా తక్కువ, పీత తీపి తెలిసింది. గుడ్లతో ఉన్న ఆడపీతలు ఉన్నాయా అని పక్క టేబుల్ వాళ్లు అడిగితే వండే ఆవిడ "వద్దు బాబూ, వాటిని మావాళ్లు వదిలేత్తారు" అంది. ఆ ఒక్క మాటకి నేను ఇంకో ప్లేటు చెప్పాను.

వెళ్లే వాళ్లకి ఉపయోగపడేవి: నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచి కాలం. టికెట్లు, పడవ టైములు మారుతుంటాయి, ముందే కనుక్కోండి, పడవ నీళ్లని బట్టి నడుస్తుంది కాబట్టి "నాకు ఇప్పుడే కావాలి" అని గొడవ పడి లాభం లేదు. ఫుల్ చేతుల చొక్కా, దోమల క్రీము, స్టీలు బాటిల్, వీలైతే బైనాక్యులర్స్. చెప్పులు జారతాయి, బూట్లు మేలు. చిప్స్ ప్యాకెట్లు మాత్రం లోపలికి తీసుకెళ్లకండి, ఒక పేరెత్తని గుంపు వాళ్లు పారేసిన ప్యాకెట్ ఒకటి ఆ ఊపిరి వేర్ల మీద టోపీలా చుట్టుకుని ఉంది, చెయ్యి అందలేదు, బాబాయ్ తెడ్డుతో లాగి తీశారు. దాని కింద వేర్లు నల్లబడి ఉన్నాయి.

మూడింటికి మళ్లీ చెక్కల బాట మీదకి వెళ్లాం, పొద్దున కూర్చున్న చోటుకే. అష్టమి పోటు చిన్నది, అమావాస్యకి వచ్చేదాంట్లో సగం కూడా ఉండదని బాబాయ్ ముందే చెప్పారు, అయినా పీత కన్నాలు లేవు, ముగ్గు చుక్కలు లేవు, పెన్సిళ్ల లాంటి ఆ వేర్ల కొనలు మాత్రం నీళ్ల పైకి కనపడుతున్నాయి. పీతలు కన్నంలోకి దిగి మట్టితో మూత పెట్టుకుంటాయట, లోపల మిగిలిన గాలితోనే, మళ్లీ పాటు వచ్చే దాకా గడిపేస్తాయి. పొద్దున ఒంటరిగా ఉన్న నీటికాకి పక్కన ఇప్పుడు మూడు చేరాయి, నీళ్లతో పాటు చేపలు లోపలికి వస్తాయని వాటికి తెలుసు. చేప అయ్యుండీ నీళ్లలోంచి బయటికొచ్చే మడ్‌స్కిప్పర్ ఒకటి, వేలెడంతది, మా కాళ్ల కింద చెక్క గుంజని పట్టుకుని ఉంది. ఒళ్లు తడిగా ఉన్నంతసేపు చర్మంతో కూడా గాలి తీసుకుంటుంది, కళ్లు ఆరకుండా మాటిమాటికీ లోపలికి లాక్కుని మళ్లీ పైకి తెస్తుంది. అమ్మాయి బోర్లా పడుకుని చెక్కల సందులోంచి దాన్నే చూస్తూ ఉండిపోయింది. నీళ్లు ఇంకో బెత్తెడు పెరిగాయి, అదీ గుంజ మీద ఇంకో బెత్తెడు పైకి జరిగింది.